చూపు తగ్గకముందే కన్ను చూపించుకోండి



మన పల్లెలలో పెద్దవారికి చూపు మందగిస్తే, "మోతిబిందు వచ్చింది, ముదిరినాక ఆపరేషన్ చేయిద్దాం" అని ఇంటివారు ఊరుకోవడం మేము అనేక గృహాలలో చూచాము. శుక్లము వలన మసకబారిన చూపు చాలామందికి ఆపరేషన్ తరువాత తిరిగి వస్తుంది. అయితే ఆ వయస్సులోనే వచ్చే మరొక జబ్బు ఉంది. దాని పేరు గ్లాకోమా. నీటికాసులు అని కూడా అంటారు. దీనివలన పోయిన చూపు ఏ మందుతోను, ఏ ఆపరేషన్‌తోను తిరిగి రాదు. మిగిలిన చూపును కాపాడుకోవడము మాత్రమే సాధ్యము.

కంటి లోపల ఎల్లప్పుడు ఒక ద్రవము ఊరుతూ, సన్నని దారిగుండా బయటికి పోతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. ఆ దారి సరిగా పనిచేయకపోతే కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేరవేసే నరము మెల్లగా దెబ్బతింటుంది. సాధారణముగా మొదట పోయేది పక్క చూపు. ఎదుటి చూపు చాలాకాలము నిలిచి ఉంటుంది. కనుక పాటల పుస్తకము చక్కగా చదివేవారికి, సూదిలో దారము ఎక్కించే తల్లికి కూడా తమకు జబ్బు ఉన్నదని తెలియదు. ఎక్కువమందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు.

మేము దర్శించే ఒక గ్రామములో ఒక సంఘ పెద్ద నడుస్తూ నడుస్తూ మంచము కోడుకు, వాకిట్లోని బిందెకు తగిలేవాడు. ఇంటివారు పరధ్యానమని విసుక్కున్నారు. ఆసుపత్రికి తీసుకొని పోయేనాటికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండవదానిలో సగమే మిగిలింది. డాక్టరుగారు అడిగిన మీదట ఆయన చెల్లెలు కూడా పరీక్ష చేయించుకున్నది. ఆమెకు చూపు బాగానే ఉన్నది, కాని జబ్బు మొదలైనది. చుక్కల మందు వేసుకుంటూ ఆమె నేటికీ బియ్యములో రాళ్లు ఏరుతున్నది.

ఇట్టివారు కొద్దిమందే అనుకోవద్దు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 1996 నుండి 2000 వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పదివేలకు పైగా ప్రజల కళ్లను పరీక్షించారు. అందులో మన ఆదిలాబాద్ జిల్లావారు కూడా ఉన్నారు. ఒక్క హైదరాబాదు నగరములో చూచినవారిలో 27 మందికి నిదానముగా ముదిరే రకము గ్లాకోమా బయటపడింది. వారిలో ఆ సంగతి ముందే తెలిసినవారు ఇద్దరే. సగము మందికి నరము అప్పటికే బాగా దెబ్బతిన్నది. ఆసుపత్రులు దగ్గరలో ఉన్న పట్టణమువారి సంగతే అది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలవారము మనము ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

నలభై ఏండ్లు దాటిన ప్రతివారు ఒకసారి పరీక్ష చేయించుకొని, మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టరునే అడగండి. తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ జబ్బు ఉన్నవారు, షుగరు ఉన్నవారు, ఎక్కువ మైనస్ అద్దాలు వాడేవారు ఏటేటా చూపించుకోవడము మంచిది. కన్ను ఎర్రబడిందని మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకొనేవారికి కూడా ఈ ప్రమాదము ఉన్నది.

2018లోను, 2023లోను జరిగిన కంటి వెలుగు శిబిరాలలో మనవారు అనేకులు అద్దాలు పొందారు, సంతోషము. కాని అక్షరాలు చదివి అద్దాలు తెచ్చుకున్నంత మాత్రాన గ్లాకోమా పరీక్ష పూర్తయినట్లు కాదు. కంటి డాక్టరు దగ్గర "ఒత్తిడి చూడండి, నరము కూడా చూడండి" అని అడగండి. ఒత్తిడి మామూలుగా ఉన్నా నరము చెడిపోయేవారు ఉన్నారు, అందుచేత రెండూ చూడాలి. నరము చూచుటకు కంటిలో చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, కనుక తోడు ఒకరిని తీసుకొని పోండి.

మరొక రకము గ్లాకోమా ఒక్కసారిగా మీదపడుతుంది. కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, తలనొప్పి, వాంతులు, దీపము చుట్టు రంగుల వలయాలు కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

జబ్బు ఉన్నదని తేలినవారు చుక్కల మందు రోజూ, చెప్పిన వేళకు వేసుకోవాలి. సామాన్యముగా ఇది జీవితాంతము వాడే మందు. కొందరికి లేజరు లేదా ఆపరేషన్ అవసరమగును. సీసా అయిపోయిందనో, ఉపవాస దినమనో, ప్రార్థన చేయించుకున్నామనో మధ్యలో ఆపినవారిని మేమెరుగుదుము. ప్రార్థన చేసుకోండి, చుక్కలు కూడా వేసుకోండి.

మీ ఇంటిలో ఎవరికైనా గ్లాకోమా ఉన్నట్లయితే వారి అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు, పిల్లలకు ఈ వారమే కబురు చేయండి. కొడుకు దుబాయిలో ఉన్నా ఫోనులో చెప్పండి. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు, చూపు బాగున్నా సరే, ముందుగా కన్ను చూపించుకొమ్మనండి.