టాప్ మోడల్ మోజు

స్పోర్ట్స్ కారు కొనబోయే మనిషికి ఇవాళ నలుగురూ చెప్పే సలహా ఒక్కటే. ఎలాగూ ఇంత పెడుతున్నావు, ఉన్నవాటిలో పెద్ద ఇంజిన్ తీసుకో. దానికి కన్నుమూసి తెరిచేలోగా గేర్లు మార్చే ఆటోమేటిక్ పెట్టించుకో. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో చూడు, ఆ అంకె ఎంత తగ్గితే కారు అంత గొప్పది. షోరూముల్లో ఇదే మాట, రివ్యూల్లో ఇదే మాట, జూబ్లీహిల్స్‌లో అయినా డల్లాస్‌లో అయినా మనవాళ్లు కలిసినచోట ఇదే మాట. ఎవరైనా బేస్ ఇంజిన్, అందులోనూ మాన్యువల్ గేర్లతో తీసుకుంటే బడ్జెట్ చాల్లేదేమోనని జాలిపడతారు. ఈ సలహా తప్పని నా వాదన. దానివల్ల అయ్యే అదనపు ఖర్చుతో నాకు పేచీ లేదు, అంత స్తోమత ఉన్నవాళ్లకు అది లెక్కలోది కాదు. అంత డబ్బూ పోసి, ఏ సుఖం కోసం స్పోర్ట్స్ కారు కొంటున్నారో ఆ సుఖాన్నే తగ్గించుకుంటున్నారన్నది నా అభ్యంతరం.

ఒక కారును ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. స్టుట్‌గార్ట్ నగరంలోని జుఫెన్‌హౌసెన్‌లో తయారయ్యే పోర్షే 911 ఇందుకు చక్కగా సరిపోతుంది, ఒకే కారును ఇన్ని ఇంజిన్ స్థాయిల్లో, రెండు రకాల గేర్‌బాక్సులతో అమ్మే కంపెనీలు అరుదు కనుక. 2019లో మొదలైన 992 తరం తొలి విడతలో మామూలు కరెరాకు 385 హార్స్ పవర్, దానిపైన కరెరా ఎస్‌కు 450. అంకెలు చూస్తే రెండూ వేర్వేరు ఇంజిన్లనిపిస్తుంది. నిజానికి రెండింటిలోనూ ఉన్నది 2,981 సీసీల ఆరు సిలిండర్ల ఇంజినే. ముఖ్యమైన తేడా టర్బోల సైజులో ఉంది, ఎస్‌కు పెద్దవి, కరెరాకు చిన్నవి. టర్బో పెద్దదైతే ఎక్కువ గాలి తోస్తుంది, ఎక్కువ పవర్ వస్తుంది. దాన్ని తిప్పి వేగం అందించడానికి ఎగ్జాస్ట్ కూడా అంత బలంగా రావాలి. అందుకే కరెరా తన 450 న్యూటన్ మీటర్ల టార్క్‌నంతా 1,950 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేస్తే, ఎస్ తన 530ను పూర్తిగా ఇవ్వడానికి 2,300 దాకా ఆగుతుంది. ఎస్‌కు బలం ఎక్కువే, కాదనను. కానీ మలుపు దాటి యాక్సిలరేటర్ మీద కాలు పెట్టిన క్షణంలో డ్రైవర్‌కు కావలసింది పిలవగానే పలికే ఇంజిన్. ఆ గుణం బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో అచ్చుకాదు కాబట్టి సలహాదార్ల లెక్కలోకి రాదు.

ఇక ఈ ‘చిన్న’ ఇంజిన్ ఎంత చిన్నదో చూడాలి. 2000లో వచ్చిన 996 తరం 911 టర్బో ఆ రోజుల్లో పోర్షే శ్రేణికి శిఖరం. 420 హార్స్ పవర్, సున్నా నుంచి వందకు 4.2 సెకన్లు. అంత వేగం మామూలు మనిషి చేతికి ఇవ్వవచ్చా అని అప్పట్లో చర్చించుకునే స్థాయి కారు అది. తొలి విడత 992లో అన్నిటికంటే కింద ఉన్న కరెరా, పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో అందుకున్నదీ సరిగ్గా అదే 4.2 సెకన్లు. ఇంకా వెనక్కి వెళితే, ఇవాళ కోట్లు పలుకుతున్న 1973 నాటి కరెరా ఆర్‌ఎస్ 2.7కు ఉన్నది 210 హార్స్ పవర్ మాత్రమే. అంటే ఇవాళ బేస్ మోడల్ అని పెదవి విరిచే కారు, నిన్నటి టాప్ మోడల్ చేసిన పనంతా చేస్తోంది. రోడ్లు మాత్రం ఆ లెక్కన మారలేదు. జర్మనీ పల్లె రోడ్ల మీద పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో పెంచాక కూడా 120. అదే 992 తొలి విడతలో 650 హార్స్ పవర్ టర్బో ఎస్ వంద అందుకునేది 2.7 సెకన్లలో. ఎడమ కాలు బ్రేక్ మీద గట్టిగా, కుడి కాలు యాక్సిలరేటర్ మీద నేలకు అంటేదాకా నొక్కి, బ్రేక్ వదలడం, డ్రైవర్ చేసేది అంతే. క్లచ్, గేరు, చక్రాల పట్టు అన్నీ కంప్యూటర్ చూసుకుంటుంది. మూడు అంకెలు లెక్కపెట్టేలోగా రోడ్డు అనుమతించిన ఆనందమంతా అయిపోయింది. ఇక మిగిలిన ప్రయాణమంతా ఆ ఇంజిన్‌ను అదుపులో పెట్టుకుని నెమ్మదిగా వెళ్లడమే.

పవర్ ఎక్కువుంటే వాడుకోవడం మానడం మన చేతిలో ఉంది కదా, ఉండటం వల్ల నష్టమేమిటి అని అడుగుతారు. నష్టం ఉంది. పెద్ద పవర్‌కు తోడు నాలుగు చక్రాల డ్రైవ్, పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్లు, అదనపు రేడియేటర్లు వస్తాయి. టర్బో ఎస్ బరువు 1,640 కిలోలు. 2022లో వచ్చిన కరెరా టి మాన్యువల్ బరువు 1,470. తేడా 170 కిలోలు, ఇద్దరు బొద్దుగా ఉన్న మనుషుల బరువు. ఆ బరువు ప్రతి మలుపులో, ప్రతి బ్రేకులో స్టీరింగ్ చక్రం దాకా తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీద కాలు వేసినా వేయకపోయినా తెలుస్తుంది. కరెరా టిలో పోర్షే చేసింది సరిగ్గా దీనికి విరుగుడు. బేస్ కరెరా ఇంజిన్‌నే ఉంచి, అద్దాలు పల్చన చేసి, శబ్దం రాకుండా పెట్టే దట్టమైన లైనింగ్ తగ్గించి, వెనక సీట్లు తీసేసి, కారును 10 మిల్లీమీటర్లు కిందికి దించి, మెకానికల్ డిఫరెన్షియల్ లాక్ ఇచ్చింది. ఏడు గేర్ల మాన్యువల్ దానికి స్టాండర్డ్. సున్నా నుంచి వందకు 4.5 సెకన్లు. కాగితం మీద ఇది బేస్ కరెరా పీడీకే కంటే కూడా వెనకే. ఆ కాగితాన్నే ప్రమాణంగా పెట్టుకున్నవాళ్లకు ఈ కారు ఎందుకుందో ఎప్పటికీ అర్థం కాదు.

గేర్‌బాక్సు దగ్గరికి వస్తే, క్లచ్ పెడల్ లేనిది స్పోర్ట్స్ కారే కాదనే ఛాందసులతో నాకు పొత్తు లేదు. 911 చరిత్రే వాళ్లకు ఎదురు చెబుతుంది. 1967లో నూర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటలపాటు సాగిన మారథాన్ డి లా రూట్ పోటీని గెలిచిన 911 ఆర్‌లో ఉన్నది స్పోర్టోమాటిక్, అంటే క్లచ్ పెడల్ లేని గేర్‌బాక్సు. ఇవాళ్టి పీడీకే 1980లలో 956, 962 రేసు కార్లలో రాటుదేలి, 2008లో రోడ్డు కార్లలోకి వచ్చింది. దాని పనితనం అద్భుతం. బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఇంకో క్లచ్ ఉంటాయి. మీరు మూడో గేరులో ఉండగానే నాలుగోది సిద్ధంగా పడి ఉంటుంది, ఒక క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది, చక్రాలకు అందే బలం ఎక్కడా తెగదు. ఇంత వేగంగా ఏ మనిషీ మార్చలేడు. రేసులో సెకనుకు విలువుంది కాబట్టి అక్కడ పీడీకేదే గెలుపు, అందులో రెండో మాటకు తావులేదు. నా ప్రశ్న వేరు. ఎవరూ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడని రోడ్డు మీద, గేరు మార్చే పనిని మనిషి చేతిలోంచి తీసేసి అతనికి మనం ఇస్తున్నదేమిటి?

ఆ పని ఏమిటో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మూడో గేరులో మలుపు వైపు వస్తున్నారు. కుడి పాదం ముందు భాగంతో బ్రేకు నొక్కుతూ, ఎడమ కాలితో క్లచ్ తొక్కి, చేత్తో లివర్‌ను రెండుకు లాగుతూ, అదే కుడి పాదాన్ని కాస్త వాల్చి మడమతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టాలి. ఇంజిన్ వేగం రెండో గేరుకు తగ్గట్టు పెరిగిన క్షణాన్ని చెవితో పసిగట్టి క్లచ్ వదలాలి. సరిగ్గా కుదిరితే కారు చిన్న కుదుపైనా లేకుండా గేరు మారి, వెనక చక్రాలు కుదురుగా మలుపు తీసుకుంటాయి. ఒక అర క్షణం తప్పితే కారు తల ఊపి చెబుతుంది. ఇది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, నేర్చుకున్నాక రోజూ ఇంకాస్త మెరుగవుతుంది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలోనూ ఇందులో నైపుణ్యం ఉంది, తృప్తి ఉంది. 650 హార్స్ పవర్ ఇచ్చే తృప్తికి మాత్రం లైసెన్సు పోయేంత వేగం కావాలి. అందుకే ఇంజిన్ ఎంపిక, గేర్‌బాక్సు ఎంపిక రెండు వేర్వేరు ప్రశ్నలు కావంటున్నాను. చిన్న ఇంజిన్‌ను రోడ్డు మీద పూర్తిగా వాడుకోగలం కాబట్టి దాని గేర్లు మార్చడానికి పదే పదే అవకాశం వస్తుంది. మాన్యువల్ ఉన్నంత మాత్రాన పని జరగదు కూడా. పోర్షేవారి 718 కేమన్ జీటీఎస్ 4.0నే తీసుకోండి. ఇంజిన్ గొప్పది, గేర్ లివర్ గొప్పది, గేర్లు మాత్రం మరీ పొడుగు, రెండో గేరులోనే సుమారు 130 దాకా లాగుతుంది. ఔటర్ మీద పరిమితి దాటకుండా వెళ్లేవాడు ఆ ఇంజిన్ పైకొస పాటను రెండో గేరులో కూడా పూర్తిగా వినలేడు.

పోర్షే కూడా ఈ పాఠం ఒకసారి నేర్చుకుంది. 2013లో 991 తరం 911 జీటీ3ని పీడీకేతో మాత్రమే అమ్మింది, లాప్ టైముకు అదే మేలన్న తర్కంతో. అభిమానులు భగ్గుమన్నారు. 2016లో మాన్యువల్‌తో కొత్త 911 ఆర్‌ను 991 కార్లే తయారు చేస్తే క్షణాల్లో అయిపోయాయి, సెకండ్ హ్యాండ్‌లో వాటి ధర అసలు ధరకు కొన్ని రెట్లు పెరిగింది. మరుసటి ఏడాదే జీటీ3కి మాన్యువల్ తిరిగి వచ్చింది. ఆ తర్వాతి కథ ఇంకా బలమైన సాక్ష్యం. 2021లో 992 జీటీ3 పీడీకేతో 20.832 కిలోమీటర్ల నూర్‌బర్గ్‌రింగ్‌ను 6 నిమిషాల 59.927 సెకన్లలో చుట్టింది. 2025లో మార్పులు చేసిన జీటీ3ని మాన్యువల్‌తో దింపితే 6 నిమిషాల 56.294 సెకన్లు వచ్చింది. పవర్ అదే 510, టార్క్ 470 నుంచి 450కి తగ్గింది, గేరు మనిషి చేత్తో మార్చాడు. అయినా మూడు సెకన్లకు పైగా ముందుంది. సస్పెన్షన్, కారును కిందికి నొక్కే గాలి ఒత్తిడి, టైర్లు, ఎనిమిది శాతం పొట్టి చేసిన ఫైనల్ డ్రైవ్, ఇవన్నీ కలిసి చేసిన పని అది. షోరూమ్‌లో ఇంజిన్ అంకె, గేర్‌బాక్సు రకం చూసి కారు వేగాన్ని తేల్చేవాళ్లు ఈ రెండు లాప్‌లను పక్కపక్కన పెట్టి చూడాలి.

అంకెలే ప్రమాణమంటే ఇంకో చిక్కుంది. పోర్షేవారి సొంత టేకాన్ టర్బో జీటీ, నాలుగు తలుపుల కరెంటు కారు, సున్నా నుంచి వందకు 2.3 సెకన్లు. దానికి గేరు మార్చే గొడవే దాదాపు లేదు. సెకన్లు తగ్గడమే ఆనందం అయితే పెట్రోలు ఇంజిన్ 911 కొనడానికి ఒక్క కారణమైనా మిగలదు, టర్బో ఎస్‌కు కూడా. అయినా జనం 911 కొంటున్నారంటే వాళ్లు కోరేది సెకన్లను కాదు. 2016లో 718 బాక్‌స్టర్, కేమన్‌లకు ఆరు సిలిండర్లు తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టినప్పుడూ ఇదే బయటపడింది. బాక్‌స్టర్ ఎస్ పవర్ 315 నుంచి 350కి పెరిగింది, పికప్ పెరిగింది. ఇంజిన్ మోత విన్నవాళ్లు మాత్రం పెదవి విరిచారు. నాలుగేళ్లకు జీటీఎస్‌లో నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను మళ్లీ తేవలసి వచ్చింది. అంకె గెలిచి కారు ఓడిపోవచ్చునని దీనికంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

నా వాదనకు ఎదురుగా న్యాయమైన అభ్యంతరం ఒకటుంది, ట్రాఫిక్. రోజూ హైటెక్ సిటీ నుంచి ఇంటికి స్పోర్ట్స్ కారులోనే వెళ్లే మనిషికి, మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు, ఇంట్లో క్లచ్ అలవాటు లేనివాళ్లతో అదే కారు పంచుకునేవాళ్లకు, పీడీకే తీసుకోవడమే తెలివి. అప్పుడు కూడా చిన్న ఇంజిన్ మీద చెప్పినదంతా నిలబడుతుంది. జామ్‌లో 385 అయినా 650 అయినా ఒకటే నడక. ఓవర్‌టేక్ భద్రత అనే వాదనకు అంత బలం లేదు. 1,500 కిలోల కారుకు 385 హార్స్ పవర్ ఉండగా లారీని దాటలేకపోయామంటే లోపం ఇంజిన్‌ది కాదు, దాటే చోటు ఎంచుకోవడంలో ఉంది. రీసేల్ భయం మాత్రం తలకిందులైన లెక్క. ఫెరారీ మాన్యువల్ అమ్మకాలు పడిపోయాయని ఆ గేర్‌బాక్సునే మానేసింది. ఇవాళ అదే 599 జీటీబీలో, అదే ఎఫ్430లో మాన్యువల్ ఉన్నవి పాడిల్ గేర్ల కార్ల కంటే ఎంతో ఎక్కువకు పోతున్నాయి. కొత్తగా ఉన్నప్పుడు ఎవరూ వద్దన్న కారే అది.

ఇప్పుడు 911లోనూ అదే జరుగుతోంది. 992 మలి విడతలో బేస్ కరెరాకు మాన్యువల్ లేదు, కరెరా ఎస్‌కూ లేదు. క్లచ్ కావాలంటే ఆరు గేర్లతో వచ్చే కరెరా టి, లేదా జీటీ3, అంతే. జుఫెన్‌హౌసెన్‌లో ఏ గేర్‌బాక్సు ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చేది వచ్చిన ఆర్డర్ల లెక్క. మాన్యువల్ కావాలని మనసులో ఉండి కూడా రీసేల్ కోసం, నలుగురూ ఏమనుకుంటారోనని పెద్ద ఇంజిన్, పీడీకే గుర్తు పెట్టే ప్రతి కొనుగోలుదారూ ఆ లెక్కలో అవతలి వైపే పడుతున్నాడు.