పత్తి చేన్ల గంటలు ఏ బ్యాంకుల జమ?

బడిలోనే అదనంగా చదివితే ఆ చదువు కాలేజీ లెక్కలోకి వస్తుందట. అమెరికాలో పాత పద్ధతే. మన దేశంలో 2023 జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం 30 గంటలకు ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. అంతకు మించి చదివినోనికి ఇంకా జమ. దాచేదానికి పేరు క్రెడిట్ బ్యాంకు! బ్యాంకులు ఎవలకిస్తయో మన వాడకు ఎరుకే.

కార్పొరేట్ బడుల ఆరో తరగతికెల్లే ఐఐటీ చదువు. సుల్తానాబాద్ పల్లెల పత్తి ఏర పోయే మన పిల్లకు ఆ 1200 గంటలు నిండుడే కష్టం.

పని అనుభవానికీ క్రెడిట్ ఇస్తమంటున్నరు. ఇక్కడే పైలం! 1953లో మద్రాసులో రాజాజీ సగం పూట బడి, సగం పూట తండ్రి పని అన్నడు. కులవృత్తి చదువని జనం తిరగబడితే 1954లో ఎత్తేసిన్రు. డప్పుకు, చెప్పుకు మార్కులేసి మాదిగ పోరన్ని మళ్ల తోలు కాడికే తోలుతమంటే మేము ఒప్పుకోం.

మాకు కావల్సింది సర్కారు బడిల, గురుకులంల పై లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పే సార్లు. ఫీజు సర్కారే కట్టాలె. బడి కమిటీ మీటింగుల మనోళ్లు లేచి నిలబడి అడగాలె: ఈ బడిల 40 దాటే చదువు ఏది?