గొట్టం కొనే ముందు నేలను కొలవాలి

కొవ్వూరుకు దిగువన విజ్జేశ్వరం వద్ద గోదావరి పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ మొదలవుతుంది. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి పొలానికి నీరు చేర్చడంలో ఈ ప్రాంతం అపారమైన అనుభవం గడించింది. పొలంలోని అధిక నీటిని బయటకు పంపడంలో మాత్రం అంతటి శ్రద్ధ కనిపించదు. ఈ లోటు పూరించడానికి భూగర్భ మురుగునీటి గొట్టాలను సిఫారసు చేస్తున్నాం. అయితే గొట్టం వ్యాసం, ధరలపై జరిగినంత చర్చ గొట్టం చుట్టూ ఉన్న నేలపై జరగడం లేదు.

రంధ్రాలున్న గొట్టంలోకి నీరు దాని పొడవునా అన్ని వైపుల నుంచీ ఊరుతూ చేరుతుంది. పై కొసన ప్రవాహం స్వల్పంగా ఉండి, నిర్గమ ద్వారం వైపు క్రమంగా పెరుగుతుంది. గొట్టం లోపల ప్రవాహం సంక్షుభితంగా మారవచ్చు గాని, నేల రంధ్రాలలో అది సాధారణంగా అతి నెమ్మదైన స్తరీయ ప్రవాహమే. 1856లో ఫ్రాన్సుకు చెందిన డార్సీ ప్రకటించిన సూత్రం ఇటువంటి ప్రవాహానికే వర్తిస్తుంది. బరువైన బంకనేలల్లో పొలం ఎంత త్వరగా ఆరుతుందో ప్రధానంగా నిర్ణయించేది నేల జలవాహకతే. గొట్టం వ్యాసం కాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. గొట్టాలను నీరు ఇంకని పొరపైనే పరిచామని, వాటి మధ్య జలమట్టం అర మీటరు ఎత్తున ఉందని, రోజుకు 2 మి.మీ. నీరు తీయాలని అనుకుందాం. హూగౌట్ సమీకరణం ప్రకారం జలవాహకత రోజుకు 1 మీటరైతే గొట్టాల మధ్య దూరం సుమారు 22 మీటర్లు, 0.1 మీటరైతే కేవలం 7 మీటర్లు. హెక్టారుకు మొదటి నేలలో దాదాపు 450 మీటర్ల గొట్టం సరిపోగా, రెండవ దానిలో 1,400 మీటర్లు దాటుతుంది. జలవాహకతను ఎక్కువగా ఊహిస్తే పొలం ఆరదు. తక్కువగా ఊహిస్తే రైతు పెట్టుబడి వృథా అవుతుంది.

మట్టి రకాన్ని బట్టి పట్టికలోని విలువ తీసుకుంటే చాలదా అనే ప్రశ్న సహజం. చాలదు. పాయిజెల్ సూత్రం ప్రకారం సన్నని నాళంలో ప్రవాహం వ్యాసార్ధపు నాలుగవ ఘాతానికి అనులోమంగా ఉంటుంది. రంధ్రపు వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. దమ్ము, చౌడు, నెర్రెలు, పాత వేళ్ల దారులు ఈ రంధ్రాలను మారుస్తాయి. అందువల్ల ఒకే బంకమట్టి పక్కపక్క పొలాల్లోనే వేర్వేరుగా ప్రవర్తించగలదు. ఇక కొవ్వూరు లంకల ఇసుక ఒండ్రుకూ, మొగల్తూరు వైపు బంకనేలలకూ ఒకే అంతరాన్ని సూచించడం శాస్త్రసమ్మతం కాదు.

బాపట్ల కేంద్రంగా డచ్ సహకారంతో కొనంకి, ఉప్పుగుండూరు గ్రామాలలోనూ, తరువాత పశ్చిమ గోదావరిలోని కాళీపట్నంలోనూ భూగర్భ మురుగు పారుదలపై క్షేత్ర ప్రయోగాలు జరిగాయి. వాటిని మనం అనుసరించవలసింది పద్ధతిలో. అక్కడి అంతరాలను యథాతథంగా మరో గ్రామానికి మోసుకుపోవడంలో కాదు.

ప్రతి పొలంలోనూ కొలవడానికి సిబ్బంది, సమయం ఎక్కడివని విస్తరణ శాస్త్రవేత్తలు అడగవచ్చు. జలమట్టం పైనే ఉండే డెల్టాలో ఆగర్ రంధ్ర పద్ధతికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ముందురోజు రంధ్రం తీసి, మట్టం నిలకడయ్యాక నీటిని తోడి, అది తిరిగి పైకి వచ్చే వేగాన్ని గడియారంతో గుర్తిస్తే చాలు. ఒక పొలంలో మూడు నాలుగు చోట్ల ఈ పని చేయడం స్నాతక విద్యార్థులకు సాధ్యమే.

కాబట్టి పాఠ్యాంశంలో అంతరాల పట్టిక కన్నా ముందు ఆగర్ రంధ్ర ప్రయోగం రావాలి. ప్రతి సిఫారసు పత్రంలో ఆ పొలంలో కొలిచిన జలవాహకత, గొట్టం చుట్టూ వేయవలసిన వడపోత పొర వివరం, నీరు కలిసే మురుగు కాలువ మట్టం తప్పనిసరిగా ఉండాలి. ఆ కాలువ నిండుగా నిలిచి ఉంటే ఎంత మంచి గొట్టమైనా పంపు లేనిదే పనిచేయదు. ఈ మూడూ లేని పత్రాన్ని సిఫారసుగా రైతు చేతికి ఇవ్వరాదు.