వేకువజామున వ్రాసిన నవలలు



అపరాధ పరిశోధక నవల యన్నంతనే మన పెద్దలలో కొందరు మొగము చిట్లింతురు. హత్యలు, విషములు, రక్తపు మరకలు కుటుంబస్త్రీల కేలయని వారి యాక్షేపణ. అట్టి నవలలనే దాదాపు ఏబదియేండ్లు వ్రాసిన యొక ఆంగ్ల కుటుంబినిని గూర్చి యీ మాసము ముచ్చటింతును. గ్రంథములపై నుండు పేరు పి. డి. జేమ్సు. వ్రాసినది స్త్రీయో పురుషుడో ఆ పొడి యక్షరములను బట్టి తెలియదు. ఆమె పూర్తి పేరు ఫిలిస్ డొరొతీ జేమ్సు.

1920 వ సంవత్సరము ఆగస్టు 3 వ తేదీన ఆక్స్‌ఫర్డు పట్టణమున ఆమె జన్మించెను. తండ్రి పన్నుల కచేరిలో ఉద్యోగి. తల్లికి మతి చలించి వైద్యశాలలో నుంచవలసి వచ్చినందున, చిన్నతనముననే తోబుట్టువుల భారము ఈమెపై బడెను. పదునారవయేటనే చదువు మానవలసివచ్చెను. ఇంట ధనము చాలదు; ఆడపిల్లకు ఉన్నతవిద్య యవసరమని తండ్రి తలంపలేదు. ఈ మాట మనకు క్రొత్తది కాదు గదా!

1941 లో కానర్ బాంట్రీ వైటు అను వైద్యుని వివాహమాడెను. ఇద్దరు కుమార్తెలు కలిగిరి. భర్త సైనిక వైద్యశాఖలో పనిచేసి, యుద్ధానంతరము మనోవ్యాధితో ఇల్లు చేరెను. ఆ వ్యాధి కొలువువలన కలిగినది కాదని నిర్ణయించి ప్రభుత్వమువారు భరణము నియ్యరైరి. భర్త యొకప్పుడు వైద్యశాలలో, ఒకప్పుడు ఇంట. పిల్లలు పసివారు. అత్తమామలు చేయూతనిచ్చిరి గాని సంపాదన యెవరిది? ఆమె 1949 లో వైద్యశాలల పరిపాలనా కార్యాలయమున కొలువుచేరి, సాయంకాలపు తరగతులలో చదివి పరీక్షలు నెగ్గి, క్రమముగా పై పదవుల కెక్కెను.

నలువదియేండ్లు సమీపించుచుండెను. ఇంకను జాగుచేసినచో, రచయిత్రిని కావలెనని యుంటినని మనుమలతో చెప్పుకొనుటయే మిగులునని తోచెనట. నాటినుండి వేకువనే లేచి, కచేరికి పోవుటకు ముందు వ్రాయసాగెను. అట్లు కొన్నియేండ్లకు ముగిసిన తొలి నవల 'కవర్ హర్ ఫేస్' 1962 లో వెలువడెను. మొదట పంపిన ప్రచురణకర్తలే దాని నంగీకరించిరి.

మరుసటియేట వచ్చిన 'ఎ మైండ్ టు మర్డర్' నవలలో హత్య జరుగు స్థలము మనోవ్యాధుల చికిత్సాలయము. హతురాలు ఆ చికిత్సాలయపు పరిపాలనాధికారిణి. అనగా రచయిత్రి చేయుచుండిన కొలువువంటిదే! ఆ కొంటెతనము నాకు మిక్కిలి నచ్చినది. భర్త యట్టి చోట్లనే బాధపడుచుండగా, తాను పగలెల్ల అట్టి చోట్ల లెక్కలు చూచుచు, వేకువజామున వానినే కథగా మలచిన గుండెనిబ్బరమును తలచినప్పుడు నవ్వు మాత్రము నిలువదు. 1964 లో భర్త మరణించెను. ఆమె మరల వివాహమాడలేదు.

1968 లో పరీక్ష నెగ్గి హోమ్ ఆఫీసున ప్రవేశించి, పోలీసు శాఖయందును నేరవిధాన శాఖయందును 1979 వరకు పనిచేసెను. నేరపరిశోధక ప్రయోగశాలలో జరుగు 'డెత్ ఆఫ్ యాన్ ఎక్స్‌పర్ట్ విట్నెస్' ఆ కాలమున, 1977 లో, వచ్చినదే.

ఈమె కథలు మెల్లగా నడచునని, గదుల వర్ణన విస్తారమని కొందరందురు. నిజమే. నాకు మాత్రము ఆ వర్ణనలే ప్రియములు. అలమారలోని సామాను చూచి యజమానురాలి స్వభావము చెప్పగల నేర్పు, ఇల్లు దిద్దుకొనిన స్త్రీకి గాక మరెవ్వరికి వచ్చును? ఆమె పరిశోధకుడు ఆడమ్ డాల్‌గ్లీష్ పోలీసు అధికారియే గాక కవి. ప్రసవమున భార్యను శిశువును కోల్పోయినవాడు. 1972 నాటి నవలలో కోర్డీలియా గ్రే అను ఇరువదిరెండేండ్ల యువతి పరిశోధన చేయును. ఆడువారికి తగని కొలువని ఆమెతో పలువురందురు. నవల పేరును అదియే.

1980 లో వచ్చిన 'ఇన్నొసెంట్ బ్లడ్' వలన ధనము చేకూరెను. పదునారేండ్లకే బడి వీడిన యీమె 1991 లో ప్రభువుల సభలో సభ్యురాలయ్యెను. 2011 లో, తొంబదియేండ్లు దాటిన పిమ్మట, జేన్ ఆస్టిన్ కథాపాత్రలతో హత్యాకథ నల్లెను. 2014 నవంబరు 27 న తొంబదినాలుగవయేట దివంగతురాలయ్యెను.

ఆంగ్లము చదువగల సోదరీమణులు 1971 నాటి 'ష్రౌడ్ ఫర్ ఎ నైటింగేల్' తో ప్రారంభింపవచ్చును. దాదుల శిక్షణాలయమున, గొట్టముద్వారా కడుపులోనికి పాలు పంపు విధానమును చూపుచుండగా, రోగిగా నటించుచున్న విద్యార్థిని ప్రాణము విడుచును. ఇంటివారందరు నిద్రించినపిమ్మట ఒంటరిగా మాత్రము చదువకుడు.