చందమామ సీరియళ్లు ఊరి గ్రంథాలయానికి రావాలి

పోయిన నెల మా వీధిలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని మనవడిని కసురుతున్నారు. “ఆ మాయలూ మంత్రాలూ చదివితే మార్కులొస్తాయా రా అబ్బీ?” అని. పిల్లవాడి చేతిలో ఉన్నది అట్ట ఊడిన పాత చందమామ. ఆ పెద్దాయనా, నేనూ చిన్నప్పుడు ఒకే సంచికకు కొట్లాడుకున్న వాళ్లం. ఆ సంగతి ఆయన మరచినట్టున్నారు.

అప్పట్లో మా వీధి మొత్తానికి వచ్చేది ఒక్క పుస్తకం. అది కడప నుంచి ఎవరో ఒకరు తేవాలి. నాలుగిళ్లు తిరిగి మా ఇంటికి చేరేసరికి మరుసటి నెల వచ్చేది. నాకు దొరికిన ‘యక్షపర్వతం’ బైండులో నడుమ రెండు నెలల భాగాలు లేవు. శెనక్కాయల పొట్లాలకు చింపేశారు. ఖడ్గవర్మ, జీవదత్తుడు ఆ ఆపద నుంచి ఎట్లా బయటపడ్డారో నేనే అల్లి, చెరువు కట్ట మీద తోటి పిల్లలకు చెప్పాను. చాన్నాళ్లకు అసలు భాగాలు కంటబడ్డాయి. నా కథకూ దానికీ పొంతనే లేదు! ఇప్పటికీ నాదే బాగుందనిపిస్తుంది, అది వేరే మాట.

చందమామ 1947 జూలైలో మద్రాసులో పుట్టింది. చక్రపాణి గారితో కలిసి దానిని స్థాపించిన బి. నాగిరెడ్డి గారు మన కడప జిల్లా వారే. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటి 12 సీరియళ్లు రాసిన వారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. సీరియల్ మీద ఆయన పేరు వేసేవారు కాదు. బొమ్మ మూలన ‘చిత్రా’ సంతకం కనిపించేది గానీ, రాసేదెవరో మాకు తెలియదు. 2010లో ఆయన పోయేనాటికి కూడా మా ఊళ్లో చాలామందికి ఆ పేరు తెలియదు.

అమెరికాలో 1936లో ‘ఫ్లాష్ గోర్డన్’ సినిమాను 13 భాగాలుగా తీశారు. భూమి మీదికి దూసుకొచ్చే గ్రహం, రాకెట్టు, దుష్ట చక్రవర్తి. ప్రతి భాగమూ ప్రాణాపాయం దగ్గర ఆగుతుంది. మన సీరియల్లోనూ ‘ఇంకా ఉంది’ అన్న మాట సరిగ్గా అక్కడే పడేది. వాళ్లకు రాకెట్టు, మనకు మంత్రదండం.

ఇందులో సైన్సు ఎక్కడుంది అంటారా? లేదు. ఉందని బుకాయించను. పుష్పకం ఉంది కనుక విమానం మనమే కనిపెట్టాం అనే వాదన నాకు రుచించదు. కథను కథగా ఆనందించడానికి రుజువులెందుకు? 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఎక్కి రాయల కాలానికీ, ఆ పైన 2504కూ పోతారు. సినిమా చూసి వచ్చి మా జేజి, “రాయలవారు భలే ఉన్నారు” అంది. ఆ యంత్రం ఎట్లా నడుస్తుందని అడగనే లేదు. పాతాళ భైరవి చూసినామెకు యంత్రమొక లెక్కా?

మార్కుల మాట. ఒత్తులున్న పెద్ద మాటలు నాకు పట్టుబడింది ఈ సీరియళ్ల వల్లే. తరువాతేమైందో తెలియాలంటే కూడబలుక్కునైనా చదవాలి కదా. ఫోనులో ఒక బొమ్మ ముగియకముందే ఇంకొకటి వస్తుంది. నెల రోజులు ఎదురు చూస్తూ, నడుమ కథను తానే అల్లుకునే తీరిక పిల్లలకు లేకుండా పోయింది.

చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. పాత సంచికలు మన అటకల మీద చెదలు పడుతున్నాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బులో కొంత పిల్లల కథల పుస్తకాలకు ఇమ్మని గట్టిగా అడగవచ్చు. అంతవరకు ఎవరి దగ్గర ఉన్నవి వారు తెచ్చి గ్రంథాలయంలో ఇస్తే, సంవత్సరానికి 12 చొప్పున సరిచూసి బైండు చేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను.

మొదటగా ఒక చిన్న సాయం కావాలి. ఆ పిల్లవాడి చేతిలోని సంచికలో ‘మాయాసరోవరం’ నడుమ భాగం ఉంది. తరువాతి నెలది ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఇవ్వండి. చింపకుండా తిరిగి ఇచ్చే పూచీ నాది.