పగలు పంతులమ్మ, రాత్రి శిష్యురాలు

మా చెల్లెలి కుమార్తె యాంగ్లబోధన నేర్చుటకై అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏరీస్ నగరమున నున్నది. శిక్షణ 120 గంటలు. అందు 6 గంటలు నిజమైన విద్యార్థులకే పాఠము చెప్పవలెను. రాత్రులు టాంగో నృత్యాభ్యాసము. మిలోంగా యను నృత్యసభలో పురుషుడు నోరు తెఱచి పిలువడు. దూరమునుండి చూచి తల యూపును. ఇష్టము లేనిచో స్త్రీ చూపు మరల్చుకొనును, అంతియే. జంటలన్నియు గడియారపు ముల్లునకు ఎదురుదిక్కున తిరుగుచుండును.

పరపురుషుని చేయి పట్టి నాట్యమా యని మా చెల్లెలు రెండుపూటలు అన్నము ముట్టలేదు. మేమును కలతపడితిమి. ఇంతలో ఆ పిల్ల జాబు వచ్చినది: “పెద్దమ్మా, నిన్న అడుగు తప్పి నవ్వులపాలైతిని. నేడు మాట తప్పు పలికిన శిష్యునిపై నాకు కోపము రాలేదు.”

మా యింటను ఒక బడిపంతులుగారు కలరు. ఈ వాక్యమును వారికి రెండుమారులు చదివి వినిపించితిమి.