పెళ్లి ఫొటోపై హక్కు ఎవరిది?

తీసిన ఫొటోపై సర్వహక్కులూ తమవేనన్న నమ్మకం స్టూడియో నిర్వాహకుల్లో ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతున్నది వేరు.

ఛాయాచిత్రాన్ని కళాకృతిగా, తీసిన వ్యక్తిని దాని కర్తగా ఈ చట్టం గుర్తించింది. అయితే సొమ్ము చెల్లించి తీయించుకున్న చిత్రంపై, వేరే ఒప్పందం లేనిపక్షంలో, తొలి యాజమాన్యం తీయించుకున్న వారిదేనని 17వ సెక్షన్ పేర్కొంటోంది. నోటిమాటపై పెళ్లిళ్లు ఒప్పుకొనే ఫొటోగ్రాఫర్లు నష్టపోయేది ఇక్కడే. తాము తీసిన చిత్రాన్ని స్టూడియో ప్రచారానికి వాడుకోవాలన్నా ఆ కుటుంబం అనుమతి తప్పదు.

యాజమాన్యం చేజారినా, కర్తగా తన పేరు కోరే హక్కు 57వ సెక్షన్ కింద ఫొటోగ్రాఫర్‌కు మిగిలే ఉంటుంది. 2012 సవరణ అనంతరం కాపీరైట్ రక్షణ కర్త జీవితకాలంతో పాటు మరో 60 ఏళ్లు వర్తిస్తోంది. తెలిసి ఉల్లంఘించిన వారికి 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా విధించే వీలుంది.

కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే మాత్రం కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతుంది. ఫొటోపై వేసిన పేరును ఎవరైనా చెరిపేయగలరు. కనుక తేదీ, కెమెరా వివరాలున్న అసలు ఫైలును భద్రపరచుకోవాలి. అడ్వాన్సు తీసుకునే రోజే యాజమాన్యం, పేరు ప్రస్తావనపై షరతులు రాసి ఇరుపక్షాలూ సంతకాలు చేస్తే సగం వివాదాలకు తావుండదు.